ఎలుగుబంటి సాక్ష్యం

ఏమయ్యా,

నువ్వు పోయి ఏడాది నిండకముందే సఫారీ పార్కుకు వెళ్లొచ్చాను. ఆ సంగతి తెలిసి మీ అన్న సారంగాపూర్ నుంచి ఫోన్ చేశాడు.

"ఏడాది గాకముందే గా తిరుగుడేంది? నలుగురు ఏమనుకుంటరు?"

"గా నలుగురే నా మొగణ్ని అబద్దాలోడన్నరు బావా. గప్పుడు నీ నోరెటు పోయింది?" అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

నువ్వు తాటిచెట్టు మీద ఉండగా ఎలుగుబంటి వచ్చి, కింద పెట్టిన కల్లు లొట్టి ఎత్తుకుని తాగిందని చేసి చూపిస్తూ చెబితే ఊరంతా నవ్వింది కదా. పోయేదాకా నిన్ను ఎలుగు చుట్టమనే పిలిచారు.

పార్కు బస్సు కిటికీలకు ఇనుప జాలీ ఉంది. పులి కనపడగానే అందరూ సెల్‌ఫోన్లు తీశారు. నేను తల తిప్పలేదు. ఎలుగుబంటి దగ్గర మాత్రం లేచి నిలబడ్డాను. తేనె పూసిన కుండను రెండు ముందుకాళ్లతో పైకెత్తి, మూతి లోపలికి పెట్టి నాకుతోంది. అచ్చం నువ్వు చేసి చూపించినట్టే. మన బిడ్డ వీడియో తీసి, అక్కడినుంచే పెదనాన్నకు పంపింది.

నువ్వు పోయినవాళ్ల పేరున మొదటి చుక్కలు నేలకు సాక పోయనిదే కల్లు ముట్టేవాడివి కావు. నా సీసాలో ఉన్నది మన చెట్టు కల్లే. జాలీలోంచి కొంచెం వంచాను.

"ఏం పోస్తున్నవమ్మా?" అని డ్రైవర్ అరిచాడు.

"సాక. మా ఆయనకు," అన్నాను. "ఇంకింత గా ఎలుగుకు. ఊరు చెప్పని సాక్ష్యం అది చెప్పింది."