ముందు చక్రంలో వరదయ్య మామ

రేణిగుంట,
జనవరి 8.

ప్రియమైన అమలకు,

ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నీ భర్త మునిశేఖర్, బి.కాం. సెకండ్ క్లాస్, ఒక లారీకి యజమాని, దానికే డ్రైవరు, దానికే క్లీనరు, క్షేమం. చెన్నైలో టమాటా దించి నేను తెల్లవారుజామున ఇల్లు చేరేసరికి నువ్వు నిద్రలో ఉంటావు. నువ్వు ఫ్యాక్టరీ బస్సుకు బయల్దేరేసరికి నేను నిద్రలో ఉంటాను. నువ్వు తిరిగొచ్చేసరికి నేను మదనపల్లెలో లోడు ఎత్తిస్తుంటాను. నడిపేటప్పుడు ఫోన్ ఎత్తొద్దని నీ ఆజ్ఞ, లోపలికి ఫోన్ తేవద్దని మీ ఫ్యాక్టరీ ఆజ్ఞ. కాబట్టి ఇకపై మన కాపురం ఈ టిఫిన్ క్యారియర్ మూత కింద సాగును.

ఇక సిబ్బంది వివరాలు. ముందు రెండు చక్రాలకు కొత్త టైర్లను నియమిస్తాము. అరిగితే వెనక్కి బదిలీ. అక్కడా అరిగితే పదవీ విరమణ. ఆ తర్వాత కొత్త రబ్బరు అంటించి, రీబటన్ చేయించి మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటాము. వెనక ఎడమవైపు లోపలి రీబటన్ టైరుకు మీ నాయన పేరు పెట్టాను. వరదయ్య మామ కూడా రిటైరై, అదే రైసు మిల్లులో వాచ్‌మన్‌గా మళ్లీ చేరాడు కదా. దొంగలు ఎత్తుకుపోకుండా గుర్తుకు, టైర్ల షాపు బాలచంద్రన్న చేత కమ్మీ కాల్చి 'వ' అని వాత కూడా పెట్టించాను.

ముందు టైర్లు నున్నబడుతున్నాయి. మూడు నెలలే గడువు అన్నాడు బాలచంద్రన్న. కొత్త జత నలభై వేలు. కొన్నాళ్లు రీబటన్ టైర్లనే ముందుకు మార్చుకొనుటకు అనుమతి ప్రార్థన.

ఇట్లు, విధేయుడైన
శేఖర్

---

జనవరి 9.

ప్రియమైన బావకు,

అనుమతి లేదు.

వెనక చక్రాలు జంటగా ఉంటాయి. ఒకదాని రబ్బరు ఊడినా పక్కది మోస్తుంది. ముందు చక్రానికి తోడెవరున్నారు? ఏడు టన్నుల టమాటాతో భాకరాపేట ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఊడితే స్టీరింగ్ నీ మాట వింటుందా? ఈ సంగతి పెళ్లైన కొత్తలో నాకు నేర్పింది నువ్వే.

నా దగ్గర ఇంకో దారి ఉంది. యాభై స్పీడు దాటవద్దు. లీటరుకు ఐదు కిలోమీటర్లు వచ్చే బండి ఆరైనా ఇస్తుంది. ప్రతి ట్రిప్పులో మిగిలిన డీజిల్ డబ్బు బాలచంద్రన్న చేతిలో పెట్టు. గడువులోపు జత వచ్చేస్తుంది. అంతవరకే కాదు, ఎప్పటికీ ముందు రీబటన్ వేయనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యి. నేను నిద్రలో ఉన్నా ఫరవాలేదు, మెల్లగా పెట్టు.

నీ,
అమల

---

ఫిబ్రవరి 20.

ప్రియమైన అమలకు,

ఒట్టు ఆరోజే వేశాను. నువ్వు దోమ అనుకుని కొట్టావు.

యాభై స్పీడు మహావ్రతం నలభై రోజులుగా నిర్విఘ్నంగా సాగుతోంది. నన్ను దాటిపోయినవారిలో పాల టెంపో, పెళ్లి బస్సు, గడ్డి ట్రాక్టరు ఉన్నారు. ట్రాక్టరు వాడైతే పక్కకొచ్చి, "ఏమప్పా, బండికి జొరమా?" అని పరామర్శించి మరీ పోయాడు. చెన్నై మండీలో మన టమాటా దించుకునే ధనశేఖరన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "టమాటా తెమ్మంటే ఊరగాయ తెచ్చినావేమబ్బా!" అన్నాడు. మదనపల్లెలో గంట ముందు లోడు ఎత్తిస్తే ఆ బాధ ఉండదని ఇప్పుడు తెలిసింది.

నవ్వకు. మైలేజీ నిజంగానే ఆరు దాటింది. ఎత్తు ఎక్కేముందే గేరు మార్చడం, మండీ క్యూలో ఇంజను ఆపేయడం, వారానికోసారి గాలి చూడటం... ఇంత డీజిల్‌ను ఇన్నేళ్లూ ఊరికే పొగ పెట్టానా అని సిగ్గేసింది. మూడొంతుల డబ్బు బాలచంద్రన్న దగ్గర చేరింది.

ఇట్లు, నిదానమే ప్రాణమైన
శేఖర్

---

మార్చి 17.

ప్రియమైన బావకు,

చారు పైగిన్నెలో ఉంది, ఒలికించుకోకు. నిన్న సాయంత్రం గాలివాన. షిఫ్టు బస్సు జంక్షన్‌లోనే దించేసింది. రెండు కిలోమీటర్లు నడిచాను. చెప్పుల్లో ఒకటి కాలువలో పోయింది, రెండోది నేనే విసిరేశాను. జ్వరం ఏమీ లేదు, కంగారుపడకు. ఊరికే చెబుతున్నాను.

గడువు దగ్గరపడింది. టైర్లు ఎప్పుడు?

నీ,
అమల

---

ఏప్రిల్ 5.

ప్రియమైన అమలకు,

సంతోషవార్త. నిన్న మధ్యాహ్నం ముందు చక్రాలకు నూతన నియామకాలు జరిగినవి. కొబ్బరికాయ కొట్టాను, నిమ్మకాయలు తొక్కించాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎవరూ దగ్గరికి వెళ్లి ముట్టుకోకూడదని, దిష్టి తగులుతుందని బాలచంద్రన్న మరీ మరీ చెప్పాడు. నువ్వు దూరం నుంచి చూసి ఆనందించగలవు. చాలా దూరం నుంచి.

ఇట్లు,
శేఖర్

---

ఏప్రిల్ 6, ఉదయం ఏడు.

ప్రియమైన బావకు,

పక్క గదిలో గురక పెడుతున్న మనిషికి ఉత్తరమెందుకని అడుగుతావేమో. నోటితో చెబితే నువ్వు నన్ను నవ్విస్తావు, నా కోపం వృథా అవుతుంది.

మూడు నెలలుగా నీ చీటీలు చదువుతున్నాను, నీకు అబద్ధమాడటం చేతకాదు. 'చాలా దూరం నుంచి' అన్నప్పుడే అనుమానం వచ్చింది. నిన్న చీటీ చదివేసరికి బస్సుకు ఆలస్యమైంది. సాయంత్రానికి నువ్వు లారీ తీసుకెళ్లిపోయావు. తెల్లవారుజామున నువ్వు గేటు తీసిన చప్పుడు వినేదాకా నేను నిద్రపోలేదు, ఆ తర్వాత నిద్ర నటించాను. తెల్లవారగానే టైర్ల షాపు పక్కన నిలబెట్టిన లారీ దగ్గరికి వెళ్లి, చున్నీ తడిపి ముందు చక్రం తుడిచాను. నల్లరంగు ఊడొచ్చింది. దాని కింద 'వ'.

మా నాయన వాచ్‌మన్ ఉద్యోగమే కష్టంగా చేస్తున్నాడు బావా. ఆయన్ని ముందు నిలబెట్టి ఘాటు దించావు.

షాపులో పడుకున్న బాలచంద్రన్నను లేపాను. రెండు నిమిషాల్లో కక్కేశాడు. "నన్నేం సేయమంటావు తల్లీ! అమల వానలో సెప్పుల్లేకుండా నడిసొచ్చినాది, ముందు దానికి స్కూటరు కొంటా, టైర్లు తర్వాత సూస్తామన్నాడు. కొనేది నా బామ్మర్ది పాత స్కూటరే. డబ్బులు ఈడనే ఉండాయి, వాడు కాయితాలు తెచ్చినాక ఇద్దామని పెట్టినా."

ఆ డబ్బు ఇప్పుడు మళ్లీ టైర్ల డబ్బు అయింది. కొత్త జత మధ్యాహ్నానికి తిరుపతి నుంచి వస్తుంది. నీ లారీ ముందు చక్రాలు లేకుండా చెక్క దిమ్మల మీద ఉంది. చూసి గుండె ఆగేవాడివి, అందుకే ముందే చెబుతున్నాను. ధనశేఖరన్నకు ఈరోజు లోడు రాదని ఫోన్ చేశాను. "నిన్నటిదే ఇంకా దార్లో ఉండాదనుకుంటినే" అన్నాడు.

స్కూటర్ నాకు వద్దని కాదు. కావాలి. ఎరుపుదైతే ఇంకా మంచిది. ఇంకో మూడు నెలలు యాభైలోనే నడుపు, అదీ వస్తుంది. చెప్పులు ఎన్ని జతలైనా కొనుక్కుంటాను.

ఈ గొడవలో నా బస్సు వెళ్లిపోయింది. సెలవు పెట్టాను. నీ బండి కదలదు, నా బస్సు లేదు. జనవరి తర్వాత ఇద్దరం మెలకువగా ఒకే ఇంట్లో ఉండబోయేది ఈరోజే.

వంటింట్లో ఉన్నాను. ఇది చదివాక మొహం కడుక్కుని, ఒక్క జోకు కూడా వేయకుండా వచ్చి నా ఎదురుగా కూర్చో. నా తల మీద మళ్లీ చెయ్యి పెట్టు. ఈసారి దోమ అనుకోను.

నీ,
అమల