రెండో కోటింగ్ వేయకు

బావా,

కారు మీద రెండో కోటింగ్ వేయకు. నిన్న వేసిందే ఇంకా ఆరలేదు, నీళ్లు తగలకూడదట. మబ్బు పడితే పాక కిందికి తోసెయ్. అన్నం వార్చాను, చేపల పులుసు దాకలో ఉంది, తిను.

ఆ కోటింగ్ సీసా అమ్మిన యేసుపాదం ముందే చెప్పాడు. "ఏ కారుకైనా ఒక్క పూత సాలు బావా. ఇది రంగు కాదు, అద్దం లాటిది. కింద ఏటుంటే అదే సూపిత్తాది" అన్నాడు. నువ్వు వినకుండా రెండో సీసా కూడా తెచ్చావు. పొద్దున్న ఎండలో చూశాను. వెనక తలుపు మీద గీత నిన్నటికన్నా బాగా మెరుస్తోంది. సాయంత్రం నువ్వు కారు తీసుకెళ్తే డాక్టరమ్మగారు ఆ తలుపే తీసి ఎక్కుతారు.

పనిలోంచి తీసేస్తారని నీ భయం. దాచావని తెలిస్తే తప్పకుండా తీసేస్తారు. ఆవిడకి చెప్పకుండా కారు తీసింది నా కోసమే కదా. కోటపాడులో ఆఖరి బస్సు తప్పిపోయి నేను ఏడుస్తూ ఫోన్ చేస్తేనే వచ్చావు. చెరకు బండిని తప్పించబోతే కారు గోడకి గీసుకుపోయింది. అప్పుడు కారు వైపు చూడనేలేదు, "నీకేటీ తగల్లేదు కదే?" అన్నావు. ఇంటికొచ్చాక మాత్రం ఆ గీత దాచే పనిలోనే పడ్డావు.

నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. జరిగింది జరిగినట్టు ఆవిడకి నేనే చెప్తాను. నువ్వుంటే వెళ్లనివ్వవని, నువ్వు టీకి వెళ్లాక బయలుదేరాను.

అక్సా

రెండో సీసా కోసం ఇల్లంతా వెతక్కు. నా సంచిలో ఉంది.