తాబేళ్లకు ఇసుక మూట

1964 డిసెంబరు, శుక్రవారం రాత్రి. ఉరవకొండ.

సాయంత్రం గాలికి కరెంటు పోయింది, ఇంకా రాలేదు. నా రెండు తాబేళ్లకూ పెట్టె మీద వేలాడదీసిన బల్బే వెచ్చదనం. పెద్దది ఈ చలికి తట్టుకుంటుంది. చిన్నదానికి ముక్కు కారుతోంది, నిన్నటి నుంచి ఆకు ముట్టలేదు. వెచ్చగా లేకపోతే దక్కదు.

వేరుశెనగ కాయలు వేయించే ఇసుకను బాణలిలో కాచి, పాత పంచె గుడ్డలో మూట కట్టాను. పసిబిడ్డ స్నానపు నీళ్లు చూసినట్టు మోచేతికి తాకించి, వేడి తగ్గాకే పెట్టెలో పెట్టాను.

అత్త గడప దగ్గర నిలబడి నవ్వింది. "ఏమే, చెనిక్కాయలు అయిపోయినాయని తాబేళ్లను ఏంచుతాండావా?"

"నవ్వు అత్తా, నవ్వు. ఇంగో మూట కట్టల్ల, ఆ గుడ్డ ఇట్లియ్యి."

ఇచ్చి అక్కడే కూర్చుంది. ఇంట్లో తాబేలు అరిష్టమని ఇన్నాళ్లూ సణిగిన మనిషి, చిన్నదాని డిప్ప మీద చెయ్యి వేసి, "సల్లగుండు తల్లీ" అంది.

"అయ్యో అత్తా, సల్లగుంటే సచ్చిపోతాది! ఎచ్చగుండమను."

"నా దీవెన గూడా నువ్వు చెప్పినట్లే ఉండల్లా?" అని కసిరింది. కాసేపటికి గొంతు తగ్గించి, "ఎచ్చగుండు తల్లీ" అంది.

చిన్నది ఇంకా తల బయటపెట్టలేదు. ఒక కాలు కదిలినట్టు అనిపించింది, దీపం నీడేమో...

మొదటి మూట చల్లారింది. తెల్లారేదాకా పొయ్యి ఆర్పను. అత్త పడుకోకుండా పిడకలు విరుస్తోంది.