పక్కకొట్టు చూపు

మార్చి 9, సోమవారం

బావకు నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడితే నవ్వుతావేమో. ఆరేళ్లు మొహం చూపించనివాడికి ఈ మర్యాదలేమిటంటావు. అయినా అడుగుతున్నాను, అంతా బాగున్నారా? నీ చెల్లెలు కులాసా. నన్ను తిట్టే ఓపిక ఇంకా ఉంది కాబట్టి ఆరోగ్యానికి లోటు లేదు.

ఇక్కడి నా కత్తెరల కొట్టు మన వీధిలోదానికి మూడింతలు. అద్దె సగం. చుట్టుపక్కల మన పని చేసేవాడు ఒక్కడూ లేడు, నా కిటుకు కాజేసే భయం లేదని అందరికీ గొప్పగా చెప్పాను. తీరా సానరాయి పగిలితే కొత్తది రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అక్కడైతే కేకేస్తే రాయి మార్చేవాడు ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చేవాడు. కొనేవాళ్లూ అంతే. అక్కడ నా పేరు విని వస్తున్నారనుకున్నాను. వాళ్లు వచ్చింది పద్నాలుగు కొట్లున్న వీధికి. ఈ మూలకు ఎవరొస్తారు?

అన్నిటికంటే కష్టం ఉక్కు కాచేటప్పుడు. రంగు పసుపు నుంచి ఊదాకు తిరిగే క్షణాన తీయాలి. ముందే తీస్తే కత్తెర విరుగుతుంది, ఆలస్యమైతే పదును నిలవదు. మన దగ్గర ఎంత పెద్ద పనివాడైనా పక్కకొట్టువాణ్ణి పిలిచి రంగు చూపించాకే తీసేవాడు కదా. ఇక్కడ ఎవరిని పిలవను? మొన్న పంపిన సరుకంతా తిరిగొచ్చింది.

ఎర్రగా కాల్చిన ఉక్కును నీళ్లకు బదులు నూనెలో ముంచడం నా కిటుకే. ఆ నూనెను నువ్వు కాస్త వేడిచేసి, దాన్ని నాకంటే బాగా చేశావు. వారం తిరక్కుండా వీధంతా అదే పద్ధతి. నడివీధిలో నిన్ను దొంగ అన్నాను. నువ్వేమో నూనె ఎంత వేడుండాలో చెప్పి వెళ్లిపోయావు. ఈ ఆరేళ్లలో నాకు కొత్త ఆలోచన ఒక్కటీ తట్టలేదు బావా. గోడకు అవతల ఎవరైనా ఉంటేనే నా బుర్ర పనిచేసేదని ఇప్పుడు తెలిసింది. తలుచుకుంటే ఏడుపొస్తోంది.

నీ కొట్లో ఒక మూల చోటిస్తావా? కాదన్నా నీ తప్పు లేదు.

ఇట్లు,
నీ చెల్లెలి మొగుడు

తా.క.: దస్తూరీ చూడగానే నీకు అనుమానం వచ్చే ఉంటుంది. నేను చెబుతుంటే నీ చెల్లెలు రాస్తోంది. నేను వీధి వదిలింది కిటుకు కోసం కాదు. అప్పటికే నాకు పసుపూ ఊదా ఒకేలా కనిపించేవి. నా ఉక్కు రంగు నువ్వు చూసి చెబుతుండబట్టి రెండేళ్లు గుట్టుగా గడిచింది. ఒకరోజు నీ అవతలి కొట్టువాడు లేక, నీ ఉక్కు చూడమని నన్ను పిలిచావు. తీసెయ్యమన్నాను. డజను కత్తెరలు విరిగాయి. బొగ్గు మంచిది కాదని నలుగురిలో నన్ను వెనకేసుకొచ్చావు. మళ్లీ పిలుస్తావన్న భయంతోనే నిన్ను దొంగన్నాను. ఇప్పుడు నిప్పు వెలుగు తప్ప ఏదీ తేటగా కనిపించడం లేదు. నువ్వు చూసి చెబితే, తీయడం ఈ చేతులకు ఇంకా వచ్చు.