కారు దూకింది ఆయన కాలి వల్ల కాదు

చిన్నోడా, అన్నం కుక్కర్లో ఉంది, తినేసి ఆసుపత్రికి రా. కారు మాత్రం ముట్టుకోకు. పికప్ పెరుగుతుందని నువ్వు ఇంజిన్ కంప్యూటర్లోంచి పీకేసిన పాత చిప్ నీ సొరుగులో దొరికింది, నా సంచిలో వేసుకున్నాను.

నువ్వు దాన్ని మార్చిన సంగతి మీ నాన్నకి తెలీదు. నిన్న ఎప్పటిలాగే మెల్లగా తొక్కితే కారు ఒక్క ఊపున గోడ మీదికి దూకింది. జీవితమంతా బస్సు నడిపిన మనిషి, "కాలు పట్టు తప్పింది, ముసలాణ్ణయిపోయాను" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటున్నారు. నువ్వేమో మంచం పక్కనే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావు.

నేను చెప్పను. నువ్వే ఆ చిప్ ఆయన చేతిలో పెట్టి చెప్పు.

అమ్మ

వచ్చేటప్పుడు ఆయన చెప్పులు తీసుకురా, అడుగుతున్నారు. ఇక నడవలేరని డాక్టరు నాకొక్కదానికే చెప్పారు.