సంత చివరి చోటు

అమ్మా,

నువ్వు పోయాక ఇవాళే మొదటిసారి డుంబ్రిగుడ సంతకి అల్లం తెచ్చాను. మైకు గోలకీ ఎండుచేపల వాసనకీ చిన్నప్పటిలాగే కళ్లనీళ్లు వచ్చాయి. ఈ గుంటకేటో గాలి తగిలిందని నన్ను చూసి అనేవాళ్లు, గుర్తుందా? అది జబ్బు కాదని, కొందరి స్వభావమే అంత సున్నితమని మొన్న డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

బేరాలు తక్కువైనా నువ్వెప్పుడూ సంత చివరే గోనె పరిచేదానివి. అక్కడ గోల తక్కువని, నా కోసమే అనుకునేదాన్ని. ఇవాళ నేనూ అక్కడే కూర్చుంటే, పక్కన చింతపండు అమ్మే పిన్ని అంది: "నువ్వు పుట్టకముందు నుంచీ మీయమ్మ ఈడే కూకునీది. గోల పడదు దానికి. కొంగు కప్పుకుని సెవుల్లో దూది ఎట్టుకునీది."

ఇన్నేళ్లూ నీ పక్కనే కూర్చున్నాను. నీడలో కూడా తలమీద కొంగెందుకని ఒక్కసారీ అడగలేదు.