ముందు కొనన నీలం చొక్కా

క్లిఫ్టన్ రేవు,
యూనియన్ దీవి,
1991 జూన్ 18, మంగళవారం.

ప్రియమైన థియాకి,

నీళ్ళ మీద ఉన్న ఎడ్వీనా నేల మీద ఉన్న నీకు రాసేది. ఇక్కడ నేనూ అంగసూ, మా పడవ ‘విల్లో’ తేలుతూనే ఉన్నాం. అక్కడ నువ్వూ లెన్నర్టూ కదలని మంచం మీద నిద్రపోవడానికి ఈపాటికి అలవాటుపడే ఉంటారు. పడవ అమ్మేసి లూనెన్‌బర్గ్ చేరిన కొత్తలో లెన్నర్ట్ గాలి మారినప్పుడల్లా లేచి, కిటికీలోంచి లంగరు కోసం వెతికేవాడని రాశావు. ఆ ముక్క చదివి అంగస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. చదివి అంటే, నేను చదివాను, అతను విన్నాడు. అతను ఎందుకు చదవలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు ఇక్కడి కబుర్లు. మామిడిపళ్ళు వచ్చేశాయి. అయాంథీ తన కొట్టు ముందు గంపలో పోసుకుని కూర్చుంటోంది. బేరమాడితే తిడుతుంది, ఆడకపోతే మనిషి చిక్కిపోయావని ఇంకో రెండు సంచిలో వేస్తుంది. నీ సంగతి అడిగింది. చలిదేశంలో ఏం తింటోందో పాపం అంది. రేవు సగం ఖాళీ అయిపోయింది. తూర్పున సముద్రం మీద ఏదో సుడి కడుతోందని రోజూ పొద్దున్నే రేడియోలో చెబుతున్నారు. తుఫాను వస్తే ఈ రేవుకి అడ్డం ఏమీ లేదని నీకు తెలుసు. రేపు తెల్లవారగానే మేమూ బయలుదేరాలి. గ్రెనడా దక్షిణాన మనం నలుగురం ఏటా దాక్కునేవాళ్ళం చూడు, ఆ మడ చెట్ల మధ్యలోకి. అంతదూరం వెళ్ళడం పెద్ద పని కాదు. నీళ్ళ కింది రాతి దిబ్బల మధ్య ఆ సందులోంచి లోపలికి దూరడమే నాకు గండంలా ఉంది.

ఆ సందు దగ్గర మనం ఎలా నిలబడేవాళ్ళమో గుర్తుందా. పడవ ముందు కొనన ఆడవాళ్ళం, వెనక చుక్కాని చక్రం దగ్గర మగవాళ్ళు. నీళ్ళ రంగు చదివేది మనం. గోధుమరంగు రాయి, లేత ఆకుపచ్చ ఇసుక, ముదురు నీలం దారి. ఇంజను మోతలో మాట వినబడదు కనుక చెయ్యే మాట. చెయ్యి ఎటు చాపితే అటు తిప్పాలి, పిడికిలి బిగిస్తే ఆగాలి. పడవల మీద కాపురాలు లంగరు వేసేటప్పుడే కూలిపోతాయని నువ్వు నవ్వేదానివి. మాది నిలబడిందంటే కారణం ఒక్కటే. నా చేతిని అంగస్ ఏనాడూ ఎందుకని అడగలేదు. చూపిస్తే తిప్పేవాడు.

ఇప్పుడు ఆ చెయ్యి అతనికి కనబడడం లేదు థియా.

మొదట్లో సముద్రపు పటం మీద అంకెలు నన్ను చదవమనేవాడు. నీకు అలవాటు తప్పిపోకూడదు కదా అనేవాడు. తర్వాత ఉత్తరాలు. కళ్ళజోడు ఎక్కడో పెట్టాను, నువ్వే చదివిపెట్టు అనేవాడు. జోడు ముక్కు మీదే ఉండేది. పక్క పడవవాళ్ళు చెయ్యి ఊపితే తిరిగి ఊపడం మానేశాడు. అంగస్‌కి మా మీద కోపమా అని వాళ్ళు నన్ను అడిగారు. అవును, మీ వంట వాసన అతనికి పడదు అని నవ్వేసి ఊరుకున్నాను.

అడగకుండా ఉన్నానని అనుకోకు. గ్రెనడాలో కళ్ళ డాక్టరున్నాడట, ఓసారి చూపిద్దాం అన్నాను. నిన్ను చూస్తూనే ఉన్నానుగా, ఇంకేం చూడాలి అన్నాడు. అయితే నా తలలో తెల్లవెంట్రుకలు ఏపాటి ఉన్నాయో చెప్పు అన్నాను. పెళ్ళాం తెల్లవెంట్రుకల సంగతి ఎత్తినవాడు బతికి బట్టకట్టలేదు అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వాక ఇంక ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

చేతనైంది ఒక్కటే చేశాను. సైగలు పెద్దవి చేశాను. ముందు కొనన ఉన్న ఇనుప తీగ పట్టుకుని, కాళ్ళు బిగించి, నిటారుగా నిలబడి, చెయ్యి ఎంత సాగుతుందో అంతా చాపేదాన్ని. అయాంథీ వాళ్ళ అన్న కత్‌బర్ట్ చేపల వేట నుంచి వస్తూ అది చూసి, ఏంటమ్మా, విమానాలు దింపుతున్నావా అని అరిచాడు.

అంత చేసినా, పోయిన వారం ఈ రేవులోకి వస్తుంటే తగిలింది. రేవు నడుమ గుండ్రటి దిబ్బ ఉంది కదా, దాని దగ్గర. ఎడమ చెయ్యి చాపాను. పడవ తిన్నగా పోతోంది. ఇంకా చాపాను. పిడికిలి బిగించాను. చివరికి వెనక్కి తిరిగి కేకపెట్టాను. అంగస్ నా వైపే చూస్తున్నాడు. దీక్షగా, ప్రశాంతంగా, పాఠం వింటున్న పిల్లాడిలా నా వైపే చూస్తూ పడవని రాతి మీదికి తీసుకుపోయాడు. అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు అడుగునుంచి ఒక చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నా ఒంట్లోంచి ఇంకా పోలేదు.

అదృష్టం బాగుండి రంగు గీరుకుపోవడంతో ఆగింది. చుట్టుపక్కలవాళ్ళు చిన్న పడవలేసుకుని వచ్చి తాళ్ళు కట్టి లాగారు. వాళ్ళందరి ముందూ అంగస్, నీ సైగ సరిగా లేదు ఎడ్డీ అన్నాడు. అవును, సరిగా లేదు అన్నాను. అతను నన్ను తప్పుపట్టడం అదే మొదలు. నలుగురూ తలలు దించుకున్నారు. మనవాళ్ళ పద్ధతి నీకు తెలియనిదా. ఒక కెప్టెన్ ఇంకో కెప్టెన్‌తో నీకు పడవ నడపడం చేతకావడం లేదని చచ్చినా అనడు. తాళ్ళు చుట్టి ఇచ్చి, తలా ఒక గ్లాసు రమ్ము తాగి, ఈ దిబ్బ అందరినీ ఓసారి ముద్దు పెట్టుకుంటుందిలే అనేసి వెళ్ళిపోయారు.

కత్‌బర్ట్‌ని బతిమాలాను. రేపు మాతో రావయ్యా, నేను పిలిచానని మాత్రం చెప్పకు అన్నాను. నిన్న మధ్యాహ్నం వచ్చి, కెప్టెన్, గ్రెనడాలో మా మేనత్తకి ఒంట్లో బాగాలేదు, మీ పడవలో నన్ను కాస్త దింపేస్తారా అని అడిగాడు. అంగస్ కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. వలల సంగతులు, వానల సంగతులు మాట్లాడాడు. ఆఖర్న, సొంత పడవున్నవాడివి నా పడవెందుకు కత్‌బర్ట్, మీ మేనత్తని అడిగానని చెప్పు అన్నాడు. కత్‌బర్ట్ నా మొహం చూశాడు. నేను మామిడిపళ్ళ వైపు చూశాను. దిగిపోతూ, గోడ మీద తల బాదుకుంటే గోడకేం నొప్పి అమ్మా అని గొణిగాడు.

పోనీ ఎవరి పడవ వెనకాలో పోదాం అన్నాను. తోక పట్టుకుని పోవడానికి మనం గొర్రెలమా అన్నాడు. చక్రం నేనే పట్టుకుందామంటే, ముందు నిలబడి నీళ్ళు చదివేది ఎవరు. నీళ్ళు చదివే కళ్ళు నావి, సందులో అలలు అడ్డంగా తోస్తుంటే పడవని నిలబెట్టే చేతులు అతనివి. ఇద్దరం కలిసి ఒక్క మనిషి పని చేస్తూ వచ్చాం. ఇప్పుడు ఆ ఒక్క మనిషి నడుమ తాడు తెగిపోయింది. ఉండిపోతే తుఫాను, వెళ్తే దిబ్బ. నేను ఎటూ చెయ్యి చూపలేకుండా ఉన్నాను.

నిన్ను అడిగేది ఒక్కటే. మేము క్షేమంగా చేరితే, లెన్నర్ట్ చేత అంగస్‌కి ఒక ఉత్తరం రాయించు. కొత్త పడవ కడుతున్నాను, నువ్వు లేనిదే కుదరడం లేదు, ఒక నెల వచ్చి ఉండు అని. లెన్నర్ట్ పిలిస్తే వస్తాడు. అక్కడ డాక్టరు దగ్గరికి నువ్వు లాక్కెళ్ళు. నేను లాగలేకపోయాను. రేపు విమానమెక్కుతున్న మన మాంట్రియల్ దంపతుల చేతికి దీన్నిస్తున్నాను. నీకు అందేసరికి మా సంగతి ఏదో ఒకటి తేలిపోయి ఉంటుందని తెలుసు. తెలిసీ రాస్తున్నాను. రాస్తున్నంతసేపూ ఎవరో పక్కన కూర్చున్నట్టుంది.

ఎప్పటికీ నీ స్నేహాన్ని కోరే,
ఎడ్వీనా

తా.క. మడిచి కవరులో పెట్టినదాన్ని మళ్ళీ తీశాను. పొద్దు వాలుతుండగా అంగస్ పైనుంచి, థియాకి నా కళ్ళ సంగతి రాశావా అని అడిగాడు. ఏం సంగతి అన్నాను. పోయాయని అన్నాడు, డబ్బాలో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

నీ చేతులు కనబడక చాలా కాలమైంది అన్నాడు. చూపు నడిమధ్యన అంతా మసకేనట, అంచుల్లో కాస్త వెలుతురుందట. అందులో నా నీలం చొక్కా ఒక మరకలా ఆనుతుందట. నువ్వు చెయ్యి చాపేలోపే నీ ఒళ్ళు అటు వాలుతుంది ఎడ్డీ, రాయి దగ్గరైతే బాగా, దూరమైతే కొంచెం, దారి సరిపడగానే నిలబడిపోతుంది, పెళ్ళయిన కొత్తలోంచీ అంతే, నీకే తెలియదు అన్నాడు. ఆ వాలు చూసే ఇన్నాళ్ళూ తిప్పుతున్నాడట. మరి మొన్న ఏమైంది అని అడిగాను. మొన్న కొయ్యలా నిలబడ్డావు, ఈమధ్య ఎందుకో అలాగే నిలబడుతున్నావు అన్నాడు.

ఎందుకో చెప్పాను. నా చెయ్యి నీకు కనబడాలనే కాళ్ళు బిగించి నిటారుగా నిలబడుతున్నాను అన్నాను.

తర్వాత వెలుతురుండగానే సాధన చేశాం. అతను చక్రం దగ్గర, నేను ముందు కొనన. కుడికి వాలాను, ఎడమకి వాలాను, నిలబడ్డాను, మళ్ళీ వాలాను. దగ్గరికొచ్చి ఎలా ఉంది అని అడిగాను. కుడి అని తెలుస్తోంది, ఎంత కుడి అన్నదే తెలియడం లేదు, నువ్వు ఆలోచించి వాలుతున్నావు అన్నాడు. వెళ్ళి ఆలోచించకుండా వాలాలని చూశాను. ఆలోచించకూడదని ఆలోచిస్తూ నిలబడిపోయాను. రేపు రాయి కనబడితే నీకు భయం వేస్తుందిగా, అప్పుడు అదే వస్తుందిలే అని, కూరకి ఉల్లిపాయలు తరగడానికి తడుముకుంటూ కిందికి దిగాడు.

భయం ఇప్పుడే వేస్తోంది థియా. ఒళ్ళు మాత్రం ఎటూ వాలడం లేదు.